గనుల ఊళ్లు చెప్పే కొలువు పాఠం

ఒంగోలు నుంచి కర్నూలు రోడ్డెక్కితే ఇరవై కిలోమీటర్ల దూరంలో చీమకుర్తి వస్తుంది. ఎదురుగా వచ్చే ట్రాలీ లారీల మీద ఒక్కో నల్లరాయి ఒక గదంత ఉంటుంది. మిర్చి, పత్తి, పొగాకు మాత్రమే పండుతాయనుకునే మన నేల కింద గనులూ ఉన్నాయి. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో చదువుకుని ఉద్యోగం కోసం హైదరాబాద్, బెంగళూరు వైపు చూసే వాళ్లు ఓసారి ఈ ఊళ్ల కథ కూడా తెలుసుకోవాలి. ఇక్కడ ఉద్యోగాలున్నాయి, వాటితోపాటు ఒక హెచ్చరికా ఉంది.

రేవు, వజ్రం.. రెండూ పోయాయి

చీరాలకు దక్షిణంగా, తీరాన ఉన్న మోటుపల్లి ఇప్పుడు చిన్న పల్లె. కాకతీయుల కాలంలో మాత్రం పెద్ద రేవు. అప్పట్లో తుపానుకు ఓడ ఒడ్డుకు కొట్టుకొస్తే అందులోని సరుకు రాజు పరమయ్యేది. 1244లో గణపతిదేవుడు ఆ పద్ధతి రద్దు చేశాడు. నిర్ణీత సుంకం తప్ప మరేమీ తీసుకోబోమని శాసనం వేయించాడు. అదే మోటుపల్లి అభయ శాసనం. వ్యాపారికి నమ్మకం ఇస్తేనే రేవు నడుస్తుందని ఆయన అప్పుడే గ్రహించాడు. ఆ శతాబ్దం చివర్లో మార్కోపోలో కూడా ఈ రాజ్యం గురించి, ఇక్కడి వజ్రాల గురించి రాశాడు.

ఇక కృష్ణ ఒడ్డున, బెల్లంకొండ దగ్గరి కొల్లూరు. కోహినూరు ఇక్కడే దొరికిందని చాలామంది చరిత్రకారుల నమ్మకం. 17వ శతాబ్దంలో వచ్చిన ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియర్, ఈ గనిలో దాదాపు 60,000 మంది పని చేస్తున్నారని రాశాడు. మగవాళ్లు తవ్వితే ఆడవాళ్లు, పిల్లలు మట్టి మోసేవాళ్లట. గని వట్టిపోయాక ఊరూ ఖాళీ అయింది. ఇప్పుడు ఆ చోటు పులిచింతల జలాశయం నీళ్లలో ఉంది. అంత వజ్రం దొరికిన చోట సాన పట్టే పరిశ్రమ మాత్రం మిగల్లేదు.

పలక మారింది, మార్కాపురం నిలిచింది

పొదిలి దాటి ఇంకా పడమటికి పోతే మార్కాపురం. మీ అమ్మానాన్నలు అ ఆలు దిద్దిన రాతి పలక ఇక్కడిదే అయి ఉండొచ్చు. నోటు పుస్తకాలు, ప్లాస్టిక్ పలకలు వచ్చాక గిరాకీ పడిపోయింది. చాలా కుటుంబాలు దెబ్బతిన్నాయి. అయితే అదే రాయిని గోడలకు, నేలకు, ఇళ్ల కప్పులకు వాడేలా కోసి విదేశాలకు పంపడం మొదలుపెట్టిన వాళ్లు నిలబడ్డారు. రాయి మారలేదు, పని మారింది.

చీమకుర్తి నల్ల బంగారం

నల్లటి రాయిలో బంగారు రంగు చుక్కలు మెరుస్తుంటాయి కాబట్టి దీనికి బ్లాక్ గెలాక్సీ అని పేరు. ఆ మెరుపు బ్రాంజైట్ అనే ఖనిజానిది. బజార్లో గ్రానైట్ అంటారు గానీ, భూగర్భ శాస్త్రం ప్రకారం ఇది గాబ్రో జాతి రాయి. చీమకుర్తిలో తీసిన రాయి రేవుల మీదుగా చైనా, ఐరోపా దాకా పోతుంది. అందుకే అక్కడెక్కడో ఇళ్ల కట్టుబడి తగ్గితే ఇక్కడ క్వారీల్లో పని తగ్గుతుంది. ముడి బ్లాక్‌గా వెళ్లిన రాయితో పాటు కోత, పాలిష్ పనుల కూలి కూడా వెళ్లిపోతుంది. కొల్లూరు నేర్పిన పాఠం ఇదే.

ఎవరికి ఏ ఉద్యోగం?

ఐటీఐ: డీజిల్ మెకానిక్, ఫిట్టర్, ఎలక్ట్రీషియన్ చదివిన వాళ్లకు క్వారీ యంత్రాలు, డైమండ్ వైర్ సా, పాలిషింగ్ యూనిట్లలో పని ఉంటుంది. సీఎన్‌సీ కటింగ్ కూడా నేర్చుకుంటే మరీ మంచిది.

డిప్లొమా, బీటెక్ మైనింగ్: చదువు ఒక్కటే సరిపోదు. గనుల భద్రతా విభాగం డీజీఎంఎస్ ఇచ్చే ఫోర్‌మన్, మేనేజర్ సర్టిఫికెట్లే అసలు అర్హత. బొగ్గు గనులకు, ఇతర ఖనిజాల గనులకు ఇవి వేరువేరుగా ఉంటాయి. రిస్ట్రిక్టెడ్ సర్టిఫికెట్ ఓపెన్‌కాస్ట్ గనుల వరకే చెల్లుతుంది. దరఖాస్తుకు ముందే ఈ తేడా చూసుకోండి.

జియాలజీ: ఎమ్మెస్సీ చేసిన వాళ్లు యూపీఎస్సీ కంబైన్డ్ జియో సైంటిస్ట్ పరీక్ష రాయొచ్చు. రాష్ట్ర గనుల శాఖ పోస్టులు ఏపీపీఎస్సీ ద్వారా వస్తాయి.

బీకాం, ఎంబీఏ: ఎగుమతి పత్రాలు, కస్టమ్స్, జీఎస్టీ, షిప్పింగ్ పనులు తెలిసిన వాళ్లు ఎగుమతి సంస్థలకు కావాలి. ఈ పనులు రాయికే కాదు, గుంటూరు మిర్చి ఎగుమతికీ పనికొస్తాయి.

చేరే ముందు ఇవి అడగండి

నియామక పత్రం ఇస్తారా? పీఎఫ్ కడతారా? చేరేటప్పుడు వైద్య పరీక్ష, భద్రతా శిక్షణ ఉన్నాయా? నీళ్లు చల్లి దుమ్ము తగ్గిస్తున్నారా? రాతి దుమ్ముతో వచ్చే సిలికోసిస్‌కు పూర్తిగా నయం చేసే మందు లేదు. రోజుకు వంద రూపాయలు ఎక్కువిస్తామంటే ఊపిరితిత్తులు తాకట్టు పెట్టకండి.

రాయి ఎన్నాళ్లు ఉంటుందో మన చేతుల్లో లేదు. తవ్వడం ఒక్కటే వచ్చిన వాడికి గని మూతపడిన రోజే పని పోతుంది. కొలవడం, కోయడం, యంత్రం బాగుచేయడం, సరుకు అమ్మడం.. వీటిలో ఏదో ఒకటి చేతిలో ఉంటే ఇంకో ఊళ్లో, ఇంకో పరిశ్రమలో బతకొచ్చు. కోర్సు ఎంచుకునేటప్పుడు ఒక్క ప్రశ్న వేసుకోండి: ఈ గని లేకపోయినా నా పని నాకు అన్నం పెడుతుందా?