పాల సీసా మీది చిన్న అక్షరాలు

గత రంజాన్‌కు కొద్ది రోజుల ముందు మా విద్యార్థి ఒకరి తండ్రి దేవరకొండ వైపు నుండి నల్లగొండకు, మా మదరసాకు వచ్చారు. "హజ్రత్, మా వాడికి ఇక పాలు పోయవద్దని వంటవారికి చెప్పండి" అని కోరారు.

ఆ బాలునికి పన్నెండేళ్లు. టైప్ 1 మధుమేహం ఉన్నది. తినే ఆహారంలోని పిండిపదార్థాన్ని లెక్కగట్టి, అందుకు తగిన ఇన్సులిన్ తీసుకోవాలి. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు ఒక సీసా బాదం పాలు తాగాడు. సీసా మీద కార్బోహైడ్రేట్ 12 గ్రాములని ఉంటే తండ్రి అంతవరకే లెక్క వేశారు. ఆ అంకె 100 మిల్లీలీటర్లకు సంబంధించినది. సీసాలో ఉన్నవి 200. రాత్రికి రక్తంలో చక్కెర 280కి చేరింది. పాలే దోషి అని ఆయన తేల్చుకున్నారు.

ఇన్సులిన్ మోతాదు చెప్పవలసింది వైద్యులు, మేము కాదు. అయితే నహల్ సూరాలో అల్లాహ్ స్వచ్ఛమైన పానీయంగా పేర్కొన్న పాలను, తప్పుగా చదివిన ఒక్క అంకె కారణంగా పసివానికి దూరం చేయడం మాకు రుచించలేదు. చదవడం నేర్పడమే కదా మా వృత్తి! వంటగదిలోని పాల ప్యాకెట్టును, అటువంటి బాదం పాల సీసాను తెప్పించి, ఆయనతో కలిసి రెంటినీ చదివాము.

ఆయన ఇంట రెండు గేదెలున్నాయి. మా జిల్లాలో నార్ముల్ వంటి సంఘాల కేంద్రాలకు పాలు పోసేవారికి వెన్న శాతం, ఎస్.ఎన్.ఎఫ్. అనే మాటలు కొత్త కావు. వాటిని బట్టే డబ్బు వస్తుంది. వెన్న, నీరు పోగా పాలలో మిగిలే ఘనపదార్థమే ఎస్.ఎన్.ఎఫ్. అందులో సగానికి పైగా ఉండేది లాక్టోజ్ అనే సహజమైన చక్కెర. ప్యాకెట్టు మీద కార్బోహైడ్రేట్ అని కనిపించేది అదే. ఏమీ కలపని పాలలో 100 మిల్లీలీటర్లకు సుమారు 5 గ్రాములుంటుంది. ఈ మాట వినగానే ఆయన నవ్వారు. ఇన్నేళ్లుగా దేనికి డబ్బు తీసుకుంటున్నారో దాన్నే చూసి భయపడ్డారు మరి.

వెన్న తక్కువైతే చక్కెరా తక్కువే అనుకునేవారున్నారు. టోన్డ్ పాలలో వెన్న 3 శాతం, ఎస్.ఎన్.ఎఫ్. 8.5 శాతం ఉండాలి. డబుల్ టోన్డ్‌లో వెన్న 1.5 శాతమే అయినా ఎస్.ఎన్.ఎఫ్. 9 శాతం. చక్కెర ఎక్కడికీ పోలేదు.

ఇక సీసా సంగతి. 200 మిల్లీలీటర్లకు 24 గ్రాములు. పాలవి 10 అనుకుంటే తక్కిన 14 గ్రాములలో అధిక భాగం పైన వేసిన చక్కెర, దాదాపు మూడు చెంచాలు. లేబుల్‌పై 'యాడెడ్ షుగర్స్' అని విడిగా రాసి ఉండే వరుస చెప్పేది దీని గురించే. ఇఫ్తార్‌లో ఒక్కొక్కరు రెండేసి సీసాలు తాగే ఇళ్లను మేమెరుగుదుము. మధుమేహం లేనివారికీ ఆ వరుస చూడవలసినదే. అయితే ఇన్సులిన్ లెక్కకు ఆ వరుస ఒక్కటే చాలదు. మాల్టోడెక్స్‌ట్రిన్ వంటివి చక్కెరల వరుసలో చేరకపోయినా మొత్తం కార్బోహైడ్రేట్‌లో ఉంటాయి, రక్తంలో చక్కెరనూ పెంచుతాయి.

ఆ తర్వాత ఆయన అడిగినది మా విషయమే. "ఈ నంబర్లు హలాలేనా, హజ్రత్?" ఐ.ఎన్.ఎస్. 407 సముద్రపు నాచు నుండి వచ్చే క్యారాజీనన్. 412 అంటే గ్వార్ గమ్, మన గోరుచిక్కుడు గింజల పిండి! ఈ రెంటి మూలంలో సందేహం లేదు. 471 అలా కాదు. కొవ్వు నుండి చేస్తారు. ఆ కొవ్వు మొక్కలది కావచ్చు, జంతువులది కావచ్చు. 120 అనే ఎరుపు రంగు కీటకాల నుండి తీసినది. జెలటిన్ జంతువుల ఎముకల నుండి, చర్మం నుండి వస్తుంది. ఆకుపచ్చ గుర్తు హలాల్ ధ్రువీకరణ కాదు. కానీ పాలు, తేనె వంటివి మినహా జంతు సంబంధ పదార్థాలుంటే ఆ గుర్తు వేయరాదు గనుక, 471 మూలం గురించిన సందేహాన్ని అది చాలావరకు తీరుస్తుంది. సందేహాస్పదమైన వాటికి దూరంగా ఉండమన్న ప్రవక్త (స) బోధకు, చదవకుండానే ప్రతి నంబరునూ హరామ్ అనడానికి ఎంతో దూరం ఉన్నది.

వైద్యుని సంప్రదించాక బాలునికి మళ్లీ గ్లాసెడు పాలు మొదలయ్యాయి. మొన్న ఒక ఐస్‌క్రీమ్ కప్పు పట్టుకొని వచ్చి, "హజ్రత్, ఇందులో 471 ఉంది, గుర్తు మాత్రం ఆకుపచ్చే" అన్నాడు. కార్బోహైడ్రేట్ ఎంత అని అడిగాము.

"కప్పుకా, వందకా?" అని తిరిగి మమ్మల్నే అడిగాడు.