పాటలు పోయినవా, పట్టిక పోయినదా?

హైదరాబాదు పాతబస్తీలో సంగీతము సభలకు మాత్రమే పరిమితమై యుండలేదు. పెండ్లికి ముందు స్త్రీలు గుమిగూడి ఢోలక్ వాయించుచు దక్కనీలో పాడు పాటలు, బార్కాస్ వైపున వరుని ఊరేగింపులో మ్రోగు మర్ఫా, ఆషాఢమున లాల్ దర్వాజ అమ్మవారికి బోనమెత్తునపుడు పాడు పాటలు, ఉరుసు రాత్రులందు దర్గాలలో సాగు ఖవ్వాలీ - ఇవన్నియు ఇంటింటి సంపద. 1971లో పద్మశ్రీ పొందిన అజీజ్ అహ్మద్ ఖాన్ వార్సీ వంటి ప్రసిద్ధుల గానము రికార్డులకెక్కి లోకమున నిలిచినది. కాని ఒక యింటి పెద్దమ్మ పాడిన ఢోలక్ పాటను ఏ కంపెనీయు ముద్రింపలేదు. అది ఎవరో పట్టిన క్యాసెట్టులో నిలిచినది. పిమ్మట ఆ యింటి కంప్యూటరులోనికి వచ్చినది.

కంప్యూటరు ఒకనాడు మొరాయించును. మరమ్మతు చేయువారు విండోస్‌ను మరల ఎక్కింతురు. తీరా తెరచి చూచినచో పాటల పట్టిక శూన్యముగా నుండును. ఇన్నేండ్ల కూర్పు ఒక్క పూటలో పోయినదని ఇంటివారు కుములుదురు. అయితే పలు సందర్భములలో పాటలు పోయి యుండవు. పోయినదేమి, నిలిచినదేమి అను వివేచన ముందుగా కావలయును. దానినే ఇచ్చట మేము వివరింప దలచితిమి.

మూసీకి ఆవలి ఒడ్డున అఫ్జల్‌గంజ్‌లో నున్న రాష్ట్ర కేంద్ర గ్రంథాలయమును తలచుకొనుడు. 1891లో అసఫియా పేర వెలసిన గ్రంథాలయమది. అచ్చట పుస్తకములు బీరువాలలో నుండును. ఏ పుస్తకము ఎచ్చట నున్నదో తెలుపు సూచిక వేరుగా నుండును. సూచిక చిరిగినంత మాత్రమున పుస్తకములు నశింపవు. కంప్యూటరులోని పాటల ఏర్పాటును ఇట్టిదే. ఉదాహరణమునకు, 2001లో వెలువడిన ఐట్యూన్స్‌లో పాటల ఫైళ్ళు ఒక ఫోల్డరులో నుండును. పట్టిక మాత్రము ‘ఐట్యూన్స్ లైబ్రరీ’ అను వేరొక ఫైలు. ప్రతి పాట యొక్క చిరునామా, మనము కూర్చుకొన్న వరుసలు, ఇచ్చిన నక్షత్రములు, ఎన్నిమారులు వింటిమను లెక్క - ఇవన్నియు ఈ రెండవదానిలోనే యుండును. సాఫ్టువేరును మరల ఎక్కించినపుడు అది పాత పట్టికను గుర్తింపక క్రొత్తగా ఒక ఖాళీ పట్టికను తెరచును. చూచువారికి అది సర్వనాశనముగా తోచును.

అట్టి సమయమున మొదటి కర్తవ్యము ఏమియు చేయకుండుటయే. క్రొత్త పాటలు దింపరాదు, క్రొత్త సాఫ్టువేరు వేయరాదు. కారణము వినుడు. హార్డు డిస్కులో ఒక ఫైలును తొలగించుట యనగా తొలుత దాని చిరునామాను కొట్టివేయుట మాత్రమే. ధ్వని అచ్చటనే యుండును. ఆ స్థలములో వేరొకటి వ్రాయబడినపుడే అది నిజముగా చెరిగిపోవును. ఈనాటి కంప్యూటరులలో వచ్చుచున్న ఎస్.ఎస్.డి. డిస్కుల తీరు వేరు. వానిలో ట్రిమ్ అను ఏర్పాటు వలన తొలగించిన ఫైలు స్వల్పకాలములోనే మాసిపోవును. కావున అట్టి యంత్రమును వెంటనే ఆపివేయుట మేలు.

రెండవది వెదకుట. డిస్కును తుడిచివేయక విండోస్‌ను మరల ఎక్కించినచో, పాత సామగ్రి ‘విండోస్.ఓల్డ్’ అను ఫోల్డరులో మిగులును. విండోస్ 10, 11లలో దీని ఆయువు సాధారణముగా 10 దినములు. పిమ్మట అది తనంతట తానే తొలగిపోవును. అందుచే ఆలస్యము తగదు. అందులోని పాటలను, పట్టికను ముందుగా బయటి డిస్కునకు నకలు చేసికొనవలెను. పిమ్మట షిఫ్టు మీటను అదిమిపట్టి ఐట్యూన్స్‌ను తెరచినచో ఏ పట్టిక కావలెనని అది యడుగును, పాతదానిని చూపవలెను. ‘ప్రీవియస్ ఐట్యూన్స్ లైబ్రరీస్’ అను ఫోల్డరులో తేదీలతో కూడిన పాత పట్టికలును దొరకవచ్చును. పట్టిక తెరచుకొని, పాటల ప్రక్కన ఆశ్చర్యార్థక చిహ్నములు కనబడినచో భయపడ నక్కరలేదు. లోగడ ‘డి’ యనబడిన డ్రైవు ఇప్పుడు ‘ఇ’ యైన సందర్భమున చిరునామాలు తప్పుట సహజము. పాత అక్షరమును తిరిగి ఇచ్చినచో పాటలు పలుకును.

డిస్కును పూర్తిగా తుడిచియుండినచో మూడవ ఉపాయము కలదు. ఫోటోరెక్ వంటి ఉచిత సాఫ్టువేర్లు డిస్కును అంతట గాలించి ధ్వని ఫైళ్ళను ఏరి తెచ్చును. దొరకినవానిని వేరొక డిస్కులో దాచవలెను. అదే డిస్కులో దాచినచో మిగిలినవి చెడును. ఇచ్చట అసలు చిక్కు ఎదురగును. పాటలు దొరకును గాని ఫైళ్ళ పేర్లు దొరకవు. వందలకొలది పాటలు అంకెలను పేర్లుగా ధరించి వచ్చును.

ఎంపీ3 ఫైలు తన పేరును తనలోనే మోయగలదు. 1996లో వచ్చిన ఐడీ3 ఏర్పాటు ఫైలు చివర 128 బైట్లను ఇందులకు కేటాయించినది. పాట పేరునకు 30 అక్షరములే. 1998లో వచ్చిన రెండవ రూపములో ఈ పరిమితి తొలగినది. యూనికోడు వలన తెలుగు, ఉర్దూ లిపులకును చోటు దొరకినది. పేరు ఇట్లు లోపల వ్రాసియున్నచో పాట తానెవరో తానే చెప్పుకొనును. లేనిచో మ్యూజిక్‌బ్రెయిన్జ్ పికార్డ్ వంటి సాధనములు పాట ధ్వనిముద్రను, వేలిముద్ర వలె, లోకమున నమోదైన ముద్రలతో పోల్చి పేరు చెప్పును. సినిమా పాటలకును ప్రసిద్ధ గాయకుల రికార్డులకును ఇది ఉపకరించును. కాని మన పెద్దమ్మ పాట ఏ జాబితాలోను లేదు. దానిని గుర్తింపగల సాధనము ఆమె గొంతును ఎరిగినవారి చెవి యొక్కటే. ఆ చెవులును ఏటేట తగ్గుచున్నవి.

టేపుల కాలమున రేడియో కేంద్రములలో ప్రతి పెట్టెపైనను పాట పేరు, గాయకుడు, తేది, నిడివి తెలుపు చీటీ యుండెడిది. చీటీ లేని టేపులో ఎంతటి గానమున్నను, అది ఎవరిదో తెలియువరకు ప్రసారమునకు నోచుకొనదు. ఇంటి భాండాగారమునకును ఈ నియమమే శరణ్యము. పాడినవారు, సందర్భము, స్థలము, సంవత్సరము - ఈ నాల్గింటిని ఫైలు లోపలనే వ్రాయవలెను. వేవ్ ఫైళ్ళలో ఈ వివరములు అన్ని సాధనములకును ఒకే తీరున అందవు. నాణ్యము తగ్గరాదనువారు ఫ్లాక్ రూపమున భద్రపరచుట మంచిది. గంట నిడివి గల క్యాసెట్టు సీడీ నాణ్యములో సుమారు 600 మెగాబైట్లు, సాధారణ ఎంపీ3గా సుమారు 60 మెగాబైట్లు మాత్రమే యగును. నకలు తీయుటకు ఇది బరువు కాదు.

సాఫ్టువేరును మరల ఎక్కించుటకు ముందే పాటలను, పట్టికను రెండింటిని నకలు చేయుడు. ఒక నకలు వేరొక యింట, దగ్గరి బంధువుల యొద్ద నుంచుడు. 2020 అక్టోబరు వానలలో అల్ జుబైల్ కాలనీ మున్నగు పాతబస్తీ వాడలందు ఇండ్లలోనికి నీరు చొచ్చినది. ఒకే అలమారలో నున్న రెండు నకళ్ళు అట్టి నీటిలో ఒక్కటిగానే తడియును. మూల క్యాసెట్టులను పారవేయకుడు. ఇంటిలో వృద్ధులున్నచో ఈ వారమే వారిని కూర్చుండబెట్టి, పేరులేని పాటలను ఒక్కొక్కటిగా వినిపించి, వారు చెప్పినదెల్ల వ్రాసికొనుడు. డిస్కును మరమ్మతు చేయించుటకు రేపైనను వీలగును. ఈ పనికి మాత్రము ఆలస్యము కూడదు.