బంప్ స్టాక్

తుపాకీకి భుజాన ఆనించే మడమ స్థానంలో బిగించే పరికరమిది. పేలగానే వెనక్కి తన్నే తుపాకీని రెండో చేయి ముందుకు నెడుతుంటే, కదలకుండా ఉంచిన వేలికి ట్రిగ్గరే వచ్చి మళ్లీమళ్లీ తగులుతుంది. సెమీ ఆటోమేటిక్ రైఫిల్ మెషిన్ గన్‌లా తూటాలు కురిపిస్తుంది. 2017 అక్టోబరు 1న లాస్ వెగాస్ సంగీతోత్సవంలో 60 మందిని బలిగొన్న దుండగుడు వాడింది దీన్నే. ఆ తర్వాత ట్రంప్ ప్రభుత్వం దీన్ని మెషిన్ గన్‌గా లెక్కగట్టి నిషేధించింది. 2024 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు 6-3 మెజారిటీతో ఆ నిషేధాన్ని కొట్టేసింది. ప్రతి తూటాకూ ట్రిగ్గర్ విడిగా పనిచేస్తోంది కాబట్టి, చట్టం దృష్టిలో ఇది మెషిన్ గన్ కాదట! ఆయుధం కలిగి ఉండే హక్కునిచ్చే రెండో రాజ్యాంగ సవరణ మీద వచ్చిన తీర్పు కాదిది. అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్ దీన్ని నిషేధిస్తూ చట్టం చేస్తే ఈ తీర్పు అడ్డురాదు. అన్ని ప్రాణాలు పోయాక కూడా చేయకపోవడం క్షమించరానిది.