జమ్మికి చుట్టములెవరు?

దసరా దగ్గరపడు దినములలో సికింద్రాబాదు మోండా మార్కెట్టునకు బతుకమ్మ పేర్చుటకై తంగేడు పూలును, దశమినాడు 'బంగార'మని పెద్దల చేతులలో ఉంచుటకై జమ్మి కొమ్మలును వచ్చిపడును. తెలంగాణ ప్రభుత్వము 2014లో మొదటిదానిని రాష్ట్ర పుష్పముగను, రెండవదానిని రాష్ట్ర వృక్షముగను ప్రకటించినది. ఐదు వెడల్పాటి పసుపు రేకులతో నిండుగా విచ్చుకొను తంగేటి పువ్వును, వ్రేలెడు సన్నని కంకిపై ఇరుకుకొని పూచి, రేకులకంటె కేసరములే ముందుగా కానవచ్చు జమ్మిపూలను ప్రక్కప్రక్కన ఉంచి చూచినవారెవరును ఇవి సగోత్రములని అనరు. మన కళాశాలలలో తరతరములుగా పాఠము చెప్పుచున్న బెంథామ్, హూకర్ పండితులును అనలేదు. 1862 మొదలు 1883 వఱకు వెలువడిన వారి గ్రంథమున చిక్కుడు కుటుంబము పూవు పోకడనుబట్టి మూడు శాఖలైనది: కంది, పెసర, చిక్కుడు ఒక శాఖ, తంగేడు, రేల, చింత రెండవది, జమ్మి, తుమ్మ మూడవది.

ఈ మూడు వాటాల పంపకము 2017లో చెల్లకపోయెను. చిక్కుడు కుటుంబమును పరిశోధించు నానాదేశముల వృక్షశాస్త్రజ్ఞులు కూడి, ఆకుపచ్చదనమునకు ఆధారమైన హరితరేణువులలోని 'మాట్‌కె' అను జన్యువును 3,696 జాతులనుండి తీసి, అక్షరమునకు అక్షరము సరిపోల్చి చూచి, కుటుంబమును ఆరు ఉపకుటుంబములుగా తిరిగి విభజించిరి. తల్లినుండి బిడ్డకు జన్యువు నకలగునప్పుడు ఎప్పుడో ఒక అక్షరము మాఱును. ఆ మార్పు ఆ తల్లి సంతతి అంతటికిని సంక్రమించును. కావున ఒకే తావున ఒకే విధమైన మార్పులు పెక్కు కలిగిన మొక్కలకు మూలపురుషుడొక్కడే యని ఊహింపవచ్చును. పూవు అట్టి సాక్షి కాదు. తేనెటీగల అవసరమునకు, గాలి అవసరమునకు అది రూపు మార్చుకొనును. ఈ లెక్కన జమ్మి, తుమ్మల శాఖ స్వతంత్ర వంశము కాదనియు, తంగేటి శాఖ నడుమనే మొలిచి పూవు మార్చుకొన్న కొమ్మయనియు తేలినది. తంగేడును జమ్మియు ఇప్పుడొక్క ఉపకుటుంబమువి. తంగేటితో అన్నదమ్ముల పొత్తున నుండిన చింత మాత్రము వేఱింటికి పోయినది. దేవకాంచనము మఱొక ఇంటికి. (మన పప్పుచారులో కందికిని చింతకును నిత్యము కుదురుచున్న సంబంధము వృక్షశాస్త్రమున ఏనాడును దగ్గరిది కాదు.)

జమ్మి కథ అంతటితో ఆగలేదు. కంటోన్మెంటు ఖాళీ స్థలములలో, రైలుకట్టల వెంబడి ఎవరును నాటకయే దట్టముగా పెరుగు సర్కారు తుమ్మ, పేరునకు తుమ్మయే గాని, శాస్త్రమున నిన్నమొన్నటి వఱకు జమ్మికి దాయాది. రెండును ప్రోసోపిస్ అను ఒకే ప్రజాతివి. జమ్మి ఈ గడ్డది. సర్కారు తుమ్మ పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధమున వంటచెరకు కొఱకు అమెరికా ఖండమునుండి తెప్పింపబడినది. రెండింటి రెమ్మలను చేతబట్టి ముళ్లు చూడుడు. జమ్మి ముల్లు కణుపునకు కణుపునకు నడుమ, పైపొరనుండి, క్రమము లేక ఎడనెడ లేచును. సర్కారు తుమ్మ ముల్లు కణుపుననే, ఆకు మొదట, ఒంటిగనో జంటగనో పుట్టును. అది రెమ్మయే మాఱి ముల్లైనది. అర్జెంటీనా పండితుడు ఆర్టురో బుర్కార్ట్ 1976 నాటి తన గ్రంథమున ఈ భేదమును చక్కగా గుర్తించియు, 44 జాతులను ఒకే ప్రజాతిగా నిలిపెను. 2022లో హ్యూస్ మొదలగు వృక్షశాస్త్రజ్ఞులు, ఒక్క హరితరేణువు సాక్ష్యమును నమ్ముకొనక, తల్లిదండ్రులిరువురినుండియు వచ్చు కేంద్రక జన్యువులను 997 పరిశీలించి, ఆ ప్రజాతిని నాలుగు ముక్కలు చేసిరి. సర్కారు తుమ్మ నెల్టూమా ఐనది. లిన్నేయస్ 1767లో ప్రోసోపిస్ నామకరణము చేసినది మన జమ్మిని ఆధారముగా గొనియే గనుక, ప్రజాతి ఎన్ని ముక్కలైనను ఆ పేరు జమ్మి కొంగుననే మిగిలినది.

నల్లతుమ్మకు ఆ అదృష్టము లేకపోయెను. అకేసియా అను పేరు నిజమునకు దానిదే. జన్యు పరిశోధనలలో ఆ ప్రజాతియు కలగూరగంప యని తేలి, దానిని విభజింపవలసి వచ్చినప్పుడు, ఆస్ట్రేలియాలో సుమారు వేయి జాతులున్నవి గనుక పేరు వాటికే ఉంచుట సులభమని 2005లో వియన్నా వృక్షశాస్త్ర మహాసభ నిర్ణయించెను. 2011లో మెల్బోర్న్ సభ దానిని స్థిరపఱచెను. వేయి పేర్లు మార్చుటకంటె కొన్నింటిని మార్చుట మేలన్న వాదమున లౌక్యము కలదు. కాని ఇది చుట్టరికమునుబట్టి ఇచ్చిన తీర్పు కాదు, తలలు లెక్కించి ఇచ్చినది. జన్యువులు చెప్పినది విడిపొమ్మనియే గాని, పేరెవరిదో అవి చెప్పలేదు. నేను తుమ్మ పక్షము. ఇప్పుడు దాని పేరు వాచెలియా. ఆ పేరును 1834లో, దక్షిణ భారతపు మొక్కలను గూర్చిన గ్రంథమున, మద్రాసు కుంఫిణీ వైద్యుడు రాబర్ట్ వైట్ తన మిత్రుడు ఆర్నాట్‌తో కలిసి ఎవరో వాచెల్ అను మతాచార్యుని గౌరవార్థము పెట్టినాడు. అది నూటడెబ్బది యేండ్లు గ్రంథములలో మూలబడి యుండి, తుమ్మకు దిక్కైనది. ఆస్ట్రేలియానుండి తెచ్చి మన బాటల వెంబడి నాటిన చెట్టు మాత్రము దర్జాగా అకేసియా.