కునుకు నేర్చిన కంప్యూటర్

విశాఖపట్నానికి ఉత్తరాన, గోస్తనీ నదికి చేరువలో, అనంత పద్మనాభస్వామి కొండ కింద ఉన్న మండల కేంద్రం పద్మనాభం. 1794 జూలై 10న విజయనగరం రాజుకూ ఈస్టిండియా కంపెనీకీ మధ్య జరిగిన యుద్ధంతో ఈ పేరు చరిత్రకెక్కింది. ఇవాళ ఇలాంటి మండల కేంద్రాల్లో జెరాక్స్ తీసే కొట్టు, ఆన్‌లైన్ దరఖాస్తులు నింపిపెట్టే కొట్టు లేకపోతే ఊరి పనులు సాగవు. అక్కడ బల్ల కింద ఉండే డెస్క్‌టాప్ చాలాసార్లు కొత్తది కాదు. ఏ కంపెనీ ఆఫీసులోనో కొన్నేళ్లు పనిచేసి, టోకున అమ్ముడుపోయి, విశాఖ ద్వారకానగర్‌లోని కంప్యూటర్ దుకాణాల్లాంటి చోట దుమ్ము దులిపించుకుని, కొత్తగా ఒక ఎస్‌ఎస్‌డీ తగిలించుకుని వచ్చిన సెకండ్ హ్యాండ్ యంత్రం అది. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు, కొత్త తరం ప్రాసెసర్ తప్పనిసరి. విండోస్ 10కి సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. దాంతో ఇంకా చక్కగా నడిచే యంత్రాలు కూడా ఆఫీసుల నుంచి బయటకు వస్తున్నాయి.

అలా వచ్చిన యంత్రాల్లో తరచూ కనిపించే జబ్బు ఒకటుంది. మధ్యాహ్నం భోజనానికి వెళ్లేటప్పుడు బాగానే ఉంటుంది. తిరిగొచ్చి మౌస్ కదిపితే లోపల ఫ్యాన్ తిరుగుతున్న చప్పుడు వినిపిస్తుంది గానీ తెర మాత్రం నల్లగానే ఉంటుంది. కీబోర్డు మీద ఎన్ని మీటలు నొక్కినా ఉలుకూ పలుకూ ఉండదు. పవర్ బటన్‌ను కాసేపు నొక్కిపట్టి ఆపి, మళ్లీ వేస్తే ఏమీ జరగనట్టే మొదలవుతుంది. సగం నింపిన దరఖాస్తు మాత్రం పోతుంది. ఇలా నాలుగుసార్లు జరిగేసరికి ఎవరో ఒకరు "బోర్డు పోయింది" అని తేల్చేస్తారు. ఆ తీర్పు చాలాసార్లు తొందరపాటే. కంప్యూటర్ నిద్ర ఒక్క విడిభాగం చేసే పని కాదు. కరెంటు ఇచ్చే ఎస్‌ఎంపీఎస్, తాత్కాలిక జ్ఞాపకమైన ర్యామ్, మదర్‌బోర్డు మీది మూల ప్రోగ్రామ్ బయోస్, విండోస్, గ్రాఫిక్స్ డ్రైవర్ కలిసి నిలబెట్టుకోవాల్సిన ఒప్పందం అది. ఎవరు మాట తప్పారో తేలకుండా ఏది మార్చినా డబ్బు దండగ.

ఈ ఒప్పందం కంప్యూటర్‌తో పాటు పుట్టలేదు. 1981 ఆగస్టు 12న ఐబీఎం విడుదల చేసిన పర్సనల్ కంప్యూటర్‌కు నిద్రంటే తెలియదు. పెట్టె పక్కన పెద్ద ఎర్ర స్విచ్చు ఉండేది. పైకి వేస్తే నడిచేది, కిందికి దించితే ఆగేది. ఆ స్విచ్చు నేరుగా కరెంటునే తెంపేది. మధ్యస్థితి లేదు.

మార్పు 1992లో మొదలైంది. బ్యాటరీతో నడిచే ల్యాప్‌టాప్‌ల కోసం ఇంటెల్, మైక్రోసాఫ్ట్ కలిసి అడ్వాన్స్‌డ్ పవర్ మేనేజ్‌మెంట్ అనే పద్ధతిని తెచ్చాయి. అదే ఏడాది అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఎనర్జీ స్టార్ ముద్రను ప్రారంభించింది. ఆ ముద్ర వేయడానికి మొదట ఎంచుకున్నవి కంప్యూటర్లూ మానిటర్లే. పని లేనప్పుడు 30 వాట్లకు మించి వాడకూడదన్నది అప్పటి షరతు. మరుసటి ఏడాది అధ్యక్షుడు క్లింటన్ ఫెడరల్ ప్రభుత్వ ఆఫీసులు ఆ ముద్ర ఉన్న కంప్యూటర్లనే కొనాలని ఉత్తర్వు ఇచ్చారు. అంత పెద్ద కొనుగోలుదారు పెట్టిన షరతును ఏ తయారీదారూ పక్కన పెట్టలేకపోయాడు.

అయితే ఆ తొలి పద్ధతిలో లోపం ఉంది. ఎప్పుడు పడుకోవాలో మదర్‌బోర్డు మీది బయోస్ తనంతట తాను నిర్ణయించుకునేది. పైన నడుస్తున్న ఆపరేటింగ్ సిస్టమ్ ఏ పనిలో ఉందో దానికి పూర్తిగా తెలిసేది కాదు. 1996 డిసెంబర్‌లో ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా విడుదల చేసిన ఏసీపీఐ అనే ప్రమాణం పెత్తనాన్ని ఆపరేటింగ్ సిస్టమ్ చేతికిచ్చింది. బోర్డులో ఏ భాగాన్ని ఎలా పడుకోబెట్టాలో, ఎలా లేపాలో తయారీదారు ఒక పట్టికగా రాసి బయోస్‌లో పెడతాడు. విండోస్ గానీ లినక్స్ గానీ ఆ పట్టిక చదువుకుని నడుచుకుంటుంది. నిద్రకు అంచెలు కూడా అప్పుడే ఖరారయ్యాయి. ఎస్0 అంటే పూర్తి మెలకువ, ఎస్5 అంటే షట్‌డౌన్. మధ్యలో మనం స్లీప్ అనేది ఎస్3, హైబర్నేట్ అనేది ఎస్4.

శేషతల్పం మీద పద్మనాభుడిది యోగనిద్ర అంటారు, కళ్లు మూసినా ఎరుక తప్పని నిద్ర. ఎస్3 కూడా అలాంటిదే. ప్రాసెసర్ ఆగుతుంది, డిస్కు ఆగుతుంది, ఫ్యాన్లు ఆగుతాయి. ర్యామ్ మాత్రం మేలుకుని ఉంటుంది, ఉండి తీరాలి. 1966లో ఐబీఎం ఇంజినీరు రాబర్ట్ డెనార్డ్ కనిపెట్టిన డైనమిక్ ర్యామ్‌లో ఒక్కో బిట్‌కూ ఒక ట్రాన్సిస్టర్, ఒక బుల్లి కెపాసిటర్ ఉంటాయి. ఆ కెపాసిటర్‌లోని విద్యుదావేశం కారిపోతూనే ఉంటుంది. అందుకే మామూలుగా ప్రతి 64 మిల్లీసెకన్లకు ఒకసారి అన్ని గడులనూ చదివి మళ్లీ నింపాలి. నిద్రలో ఈ పనిని ర్యామ్ చిప్పులే సొంతంగా చేసుకుంటాయి. సగం నింపిన దరఖాస్తు బతికి ఉండేది ఆ కాస్త విద్యుత్తు మీదే.

ఆ విద్యుత్తు ఎస్‌ఎంపీఎస్ నుంచి వస్తుంది. 1995లో ఇంటెల్ తెచ్చిన ఏటీఎక్స్ డిజైన్‌లో ఒక ఊదారంగు తీగ ఉంటుంది. గోడ స్విచ్చు వేసి ఉన్నంతసేపూ, కంప్యూటర్ ఆగి ఉన్నా సరే, దానిలో 5 వోల్టులు ఉంటాయి. అదే స్టాండ్‌బై సరఫరా. నిద్రలో ర్యామ్‌నూ, మౌస్ కదలికను కనిపెట్టే యూఎస్‌బీ పోర్టునూ పోషించేది అదే. ఎర్ర స్విచ్చు రోజుల్లో లేని ఈ తీగే డెస్క్‌టాప్ నిద్రకు ఆధారం.

లేవడం పడుకున్నంత సులువు కాదు. మౌస్ కదలగానే బోర్డు ఎస్‌ఎంపీఎస్‌ను పూర్తిగా రమ్మంటుంది. అన్ని వోల్టేజీలూ కుదుటపడ్డాక ప్రాసెసర్ మొదట బయోస్‌లోకి వెళుతుంది. ఇది కొత్తగా మొదలవడం కాదు, నిద్ర నుంచి లేవడం అని బయోస్ గుర్తుపట్టాలి. ర్యామ్ జోలికి పోకుండా దాన్ని నడిపే కంట్రోలర్‌ను మాత్రం సిద్ధం చేసి, విండోస్ ముందుగా చెప్పి ఉంచిన చోటికి పగ్గాలు అప్పగించాలి. అక్కడినుంచి డిస్కు, నెట్‌వర్క్, గ్రాఫిక్స్ కార్డు డ్రైవర్లు తమ తమ పరికరాలను నిద్రకు ముందున్న స్థితికి తేవాలి. వీటిలో ఎక్కడ తడబడినా బయటకు కనిపించేది ఒకటే, నల్లటి తెర.

ఈ చీకట్లో వెతకడం ప్రపంచంలోని గొప్ప ప్రోగ్రామర్లనే విసిగించింది. లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ 2006లో దీనికి అద్భుతమైన ఉపాయం వేశాడు. యంత్రం లేస్తూ లేస్తూ ఆగిపోతే ఎక్కడ ఆగిందో రాసుకోవడానికి తెర ఉండదు, డిస్కు ఇంకా లేవదు, రీస్టార్ట్ చేస్తే ర్యామ్‌ను నమ్మడానికి లేదు. చెరిగిపోకుండా మిగిలేది బోర్డు మీది గడియారం ఒక్కటే. అది నాణెం లాంటి సీఆర్2032 బ్యాటరీతో, సెకనుకు 32,768 సార్లు కంపించే క్వార్ట్జ్ స్ఫటికంతో నడుస్తుంది. లేచే ప్రతి దశలోనూ ఆ దశ గుర్తును తేదీ, సమయం రూపంలో ఆ గడియారంలోనే రాసేలా టోర్వాల్డ్స్ కోడ్ రాశాడు. యంత్రం బిగుసుకుపోతే సుమారు మూడు నిమిషాల్లో రీస్టార్ట్ చేయాలి. లేదంటే గడియారం ముందుకు నడిచి గుర్తు చెరిగిపోతుంది. లినక్స్ లేవగానే గడియారంలోని ఆ అర్థంలేని తేదీని చదివి, ఏ డ్రైవర్ దగ్గర ఆగిందో చెప్పగలుగుతుంది. నేటికీ లినక్స్ మూలభాగమైన కెర్నల్‌లో పీఎం ట్రేస్ అనే పేరుతో ఆ సదుపాయం ఉంది.

పద్మనాభంలో కొట్టు నడిపేవారికి కెర్నల్ కోడ్ అక్కర్లేదు. ఆ పద్ధతి మాత్రం పనికొస్తుంది. ఎంతవరకు లేచింది అన్నదే మొదటి ప్రశ్న. దానికి కీబోర్డు మీది క్యాప్స్ లాక్ చాలు. తెర నల్లగా ఉన్నప్పుడు ఆ మీట నొక్కితే దీపం వెలిగి ఆరుతోందంటే యంత్రం లేచినట్టే, బొమ్మ మాత్రమే రావడం లేదు. అప్పుడు వెతకాల్సింది గ్రాఫిక్స్ డ్రైవర్‌లో, కేబుల్‌లో, మానిటర్‌లో. విండోస్ తనంతట తాను వేసిన డ్రైవర్‌ను తీసేసి, కంప్యూటర్ తయారీ కంపెనీ ఆ మోడల్‌కు ఇచ్చిన డ్రైవర్ వేస్తే ఇలాంటివి చాలావరకు నయమవుతాయి. మార్పు చేశాక షట్‌డౌన్ కాకుండా రీస్టార్ట్ చేయాలి. 2012లో విండోస్ 8తో వచ్చిన ఫాస్ట్ స్టార్టప్ వల్ల షట్‌డౌన్‌లో విండోస్ కెర్నల్, డ్రైవర్ల స్థితి డిస్కులో దాచి ఉంటుంది. మళ్లీ వేస్తే అదే తిరిగి వస్తుంది.

ఫ్యాన్ కూడా తిరగకపోతే ముందు పవర్ బటన్‌ను ఒక్కసారి తేలికగా నొక్కి చూడాలి. దానికి లేస్తే తప్పు మౌస్, కీబోర్డులది. డివైస్ మేనేజర్‌లో వాటికి కంప్యూటర్‌ను లేపే అనుమతి ఇవ్వాలి. యంత్రం స్లీప్ దాటి హైబర్నేట్‌లోకి వెళ్లి ఉంటే మరో కారణం కూడా ఉండవచ్చు: బయోస్‌లో డీప్ స్లీప్ అనో ఈఆర్‌పీ అనో ఉండే సెట్టింగ్ ఆన్‌లో ఉంటే, హైబర్నేట్, షట్‌డౌన్‌లలో విద్యుత్తు మిగల్చడానికి యూఎస్‌బీ పోర్టులకు స్టాండ్‌బై సరఫరా సాధారణంగా ఆగిపోతుంది. ఆఫీసు యంత్రాల్లో ఇది తరచూ ఆన్‌లోనే వస్తుంది.

ఫ్యాన్ తిరుగుతూ క్యాప్స్ లాక్ పలకని మూడో రకం కాస్త మొండిది. దీనికి ఖర్చులేని పరీక్ష హైబర్నేట్. అందులో ర్యామ్‌లోని సమాచారమంతా డిస్కుకు చేరి, యంత్రం దాదాపు షట్‌డౌన్ అవుతుంది. హైబర్నేట్ నుంచి ప్రతిసారీ చక్కగా లేచి, స్లీప్ నుంచి మాత్రం లేవకపోతే అనుమానం ర్యామ్ మీదికి, దాన్ని నిద్రలో పోషించే స్టాండ్‌బై సరఫరా మీదికి, బయోస్ మీదికి మళ్లుతుంది. రెండింటి నుంచీ లేవకపోతే డ్రైవర్ల మీద అనుమానం బలపడుతుంది. ఒక్క రూపాయి పెట్టకుండా వెతకాల్సిన చోటు సగానికి తగ్గిపోతుంది.

ఆ తర్వాత చేతులకు పని. గోడ ప్లగ్గు పీకి, పవర్ బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కి, పెట్టె తెరవాలి. బయోస్ తేదీ పాత సంవత్సరానికి వెళ్లిపోతుంటే 3 వోల్టుల సీఆర్2032 అయిపోయినట్టే. దాంతో పాటు బయోస్ సెట్టింగులు కూడా మారిపోతుంటాయి కాబట్టి బ్యాటరీ మార్చి, డిఫాల్ట్ సెట్టింగులు వేసి చూడాలి. సెకండ్ హ్యాండ్ యంత్రాల్లో వేర్వేరు కంపెనీల, వేర్వేరు వేగాల ర్యామ్ ముక్కలు కలిపి పెట్టడం మామూలే. రోజువారీ పనిలో సర్దుకుపోయే జంట కూడా లేచేటప్పుడు తడబడవచ్చు. ఒక్కో ముక్కనూ విడిగా పెట్టి నిద్రపుచ్చి చూస్తే తేలిపోతుంది. సముద్రపు గాలి తగిలే ఆఫీసులో ఏళ్లు గడిపిన యంత్రమైతే ఉప్పు తేమ కాంటాక్టుల మీద పొరగా పడుతుంది. మెకానిక్‌లు ర్యామ్ కాంటాక్టులను పెన్సిల్ రబ్బరుతో తుడుస్తారు. గట్టిగా రుద్దితే పల్చటి బంగారు పూత అరిగిపోతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన మెత్తటి గుడ్డ మేలు.

మిగిలింది ఎస్‌ఎంపీఎస్. గోడ ప్లగ్గు మళ్లీ పెట్టి, స్విచ్చు వేసి, మల్టీమీటర్ నల్ల కొనను నల్ల తీగకూ, ఎర్ర కొనను ఊదా తీగకూ ఆనిస్తే 4.75 నుంచి 5.25 వోల్టుల మధ్య చూపాలి. కొన్ని బ్రాండెడ్ ఆఫీసు డెస్క్‌టాప్‌ల ఎస్‌ఎంపీఎస్‌లు ఏటీఎక్స్ పద్ధతిలో ఉండవు, అక్కడ రంగులు చూసి నమ్మకూడదు. మీటర్ సరిగ్గా చూపినా, లేచే క్షణంలో భారం మీద పడగానే వోల్టేజీ కుంగిపోవచ్చు. అందుకు కారణం తరచుగా ముసలిదైన ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్. వేడి పది డిగ్రీలు పెరిగితే దాని ఆయుష్షు సగమవుతుందని ఇంజినీర్ల అంచనా. విశాఖ ఎండాకాలానికి పెట్టెలోని దుమ్ము తోడైతే ఆ పది డిగ్రీలు పెరగడం పెద్ద కష్టం కాదు. బోర్డు మీది కెపాసిటర్ల తల ఉబ్బినా, గోధుమరంగు ద్రవం కారినా కంటికే కనిపిస్తుంది. ఎస్‌ఎంపీఎస్ డబ్బాను మాత్రం ఇంట్లో విప్పకూడదు. ప్లగ్గు పీకాక కూడా అందులో ప్రాణం తీసేంత విద్యుత్తు నిల్వ ఉండవచ్చు. బాగున్నదని తెలిసిన మరో ఎస్‌ఎంపీఎస్ తగిలించి చూడటమే సరైన పరీక్ష.

ఇంత శ్రమ దేనికి, స్లీప్ ఆపేసి రాత్రింబవళ్లు నడవనిస్తే పోలేదా అంటే, లెక్క చూడాలి. ఖాళీగా 60 వాట్లు తాగే యంత్రం రోజుకు 16 గంటలు ఊరికే నడిస్తే దాదాపు ఒక యూనిట్ కరెంటు ఖర్చవుతుంది. అదే సమయం 2 వాట్లతో నిద్రపోతే యూనిట్‌లో ముప్పయ్యో వంతు. ఏ చికిత్సకూ లొంగని బోర్డుకు హైబర్నేట్ ఉంది. ఎస్‌ఎస్‌డీ ఉన్న యంత్రం దాన్నుంచి కొద్ది సెకన్లలోనే లేస్తుంది. మధ్యలో కరెంటు పోయినా పని పోదు.

ఎస్3 కూడా మెల్లగా వెనక్కి తగ్గుతోంది. చాలా కొత్త ల్యాప్‌టాప్‌లు మోడ్రన్ స్టాండ్‌బై పేరుతో ఎస్0లోనే అతి తక్కువ విద్యుత్తుతో కునుకు తీస్తున్నాయి. అయినా ఆఫీసుల నుంచి ఊళ్లకు వస్తున్న డెస్క్‌టాప్‌లలో ఎక్కువభాగం ఎస్3 తరానివే. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనలు పాత పరికరాలను బాగుచేసి అమ్మేవారిని కూడా ప్రత్యేక వర్గంగా గుర్తించాయి. కొనేవారు అలా బాగుచేసి అమ్మే దుకాణంలోనే, డబ్బు కట్టకముందే, యంత్రాన్ని స్లీప్‌లో పెట్టి, పావుగంట ఆగి, మౌస్‌తో ఒకసారి, పవర్ బటన్‌తో ఒకసారి లేపించి చూసుకోవాలి. లేవకపోతే మార్చి చూడటానికి వేరే ర్యామ్, వేరే ఎస్‌ఎంపీఎస్, చేయి తిరిగిన మెకానిక్ ఆ బల్ల దగ్గరే దొరుకుతారు.