నీలి మాత్ర వారానికి ఒక్కటే ఎందుకు?

బడిలో ఇచ్చే నీలి రంగు ఐరన్ మాత్ర నీరసంగా ఉన్న పిల్లలకేననీ, వారానికి ఒక్కటి ఇవ్వడం మొక్కుబడి వ్యవహారమనీ చాలా ఇళ్లలో పాతుకుపోయిన అభిప్రాయాలు రెండూ తప్పే. 2019-21 నాటి ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15-19 ఏళ్ల అమ్మాయిల్లో 59.1 శాతానికి, అదే వయసు అబ్బాయిల్లో 31.1 శాతానికి రక్తహీనత ఉంది. ఇంతగా వ్యాపించిన లోపాన్ని పాలిపోయిన ముఖాలు చూసి పట్టుకోవడం సాధ్యం కాదు గనుకనే 10-19 ఏళ్ల వారందరికీ 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉన్న ఈ మాత్రను నిర్ణయించారు.

పేగు గోడ కణాల్లోకి చేరిన ఇనుము రక్తంలో కలవాలంటే ఫెర్రోపోర్టిన్ అనే ప్రోటీన్ దారి ఇవ్వాలి. ఆ దారిని కాలేయంలో తయారయ్యే హెప్సిడిన్ అనే హార్మోన్, కాలువ తూము దగ్గర కాపలా ఉండే లష్కరులా అదుపు చేస్తుంది: పొలం ఎండినప్పుడు అతడు తలుపు ఎత్తుతాడు, నీరు పారగానే దించుతాడు, గట్టు తెగే ప్రమాదం కనిపిస్తే ఎండిన పొలానికి సైతం నీరు వదలడు. ఒంట్లో ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు, సూక్ష్మజీవులకు ఇనుము అందకుండా హెప్సిడిన్ చేసే పని అచ్చంగా ఇదే. ఇనుము నిల్వలు తక్కువగా ఉన్న యువతులపై స్విట్జర్లాండ్ పరిశోధకులు చేసి 2015లో ప్రచురించిన అధ్యయనంలో, 60 మిల్లీగ్రాముల మోతాదు తర్వాత హెప్సిడిన్ 24 గంటల వరకు పెరిగి ఉండి, మర్నాటి మాత్రలో ఒంటబట్టే భాగం తగ్గినట్లు తేలింది. వారం వ్యవధి ఉంటే తూము మళ్లీ తెరుచుకుంటుంది కాబట్టి నివారణకు ఆ మోతాదు సరిపోతుంది. రక్తహీనత నిర్ధారణ అయినవారికి మాత్రం వైద్యుల సలహాతో రోజూ వాడవలసిన చికిత్స వేరే ఉంది.

పేగులోనే మిగిలిపోయిన ఇనుము వల్ల మలం నల్లబడుతుంది, అందులో హాని లేదు. ఆ ఒక్క మాట ముందుగా చెప్పకపోవడం వల్లనే ఎన్నో మాత్రలు చెత్తబుట్ట పాలవుతున్నాయి. బియ్యం, బలపాలు, మట్టి తినాలనిపించడం ఇనుము లోపానికి గుర్తు కావచ్చు. అటువంటి పిల్లను పెళ్లిలో వాన పడుతుందని బెదిరించడం, అలసటను దిష్టిగా భావించి తాయెత్తు కట్టడం, బద్ధకమని తిట్టడం పరీక్షను వాయిదా వేయడమే అవుతుంది, ఆ జాప్యానికి మూల్యం చెల్లించేది ఆమె చదువు.

మాత్రను పరగడుపున కాక భోజనం తర్వాత వేసుకోవాలి. టీ ఇనుమును ఒంటబట్టనివ్వదు, నిమ్మ, ఉసిరి, జామ తోడ్పడతాయి. నులిపురుగులు రక్తాన్ని హరిస్తాయి కాబట్టి ఏటా రెండుసార్లు ఇచ్చే ఆల్బెండజోల్‌ను కూడా వదలకూడదు. 2014లో మొదలైన రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమం కింద కౌమార వయస్కుల కోసం ప్రభుత్వాసుపత్రులలో ప్రత్యేక క్లినిక్‌లు, సలహాదారులు ఉన్నారు. హిమోగ్లోబిన్ 12 గ్రాముల కంటే తగ్గిందేమో తెలుసుకోవడానికి పన్నెండేళ్లు దాటిన ప్రతి అమ్మాయినీ తల్లిదండ్రులు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకువెళ్లి పరీక్ష చేయించాలి.