గుప్తేశ్వరం గుహ, అంగారకుని రాయి

కల్యాణసింగ్‌పూర్ నుంచి శివరాత్రికి గుప్తేశ్వరం వెళ్ళివచ్చినవారికి ఆ గుహను వర్ణించి చెప్పనక్కరలేదు. జయపురం దాటి, అడవిదారిన పోగా, కొలాబు నది సమీపాన సున్నపురాతి గుహలో స్వామి వెలసియున్నాడు. పైనుంచి బొట్టుబొట్టుగా జారే నీటిలోని సున్నం పేరుకొని మర్రి ఊడలవలె దిగుతుంది. ఆ ఊడలు వానల లెక్క వ్రాసిపెట్టుకొన్నవంటే నమ్మగలరా?

నీటిలోని ఆక్సిజను పరమాణువులన్నీ ఒక బరువువి కావు. దాదాపు అన్నీ 16 బరువువి. అయిదువందలకు ఒకటి మాత్రం 18 బరువుది. మన ప్రాంతాలలో వాన జోరుగా కురిసిన కాలంలో ఈ బరువైనవాటి పాలు తగ్గుతుంది, వాన వెనుకబడితే పెరుగుతుంది. ఆ నీరు విడిచిన సున్నపుపొరలో అదే గుర్తు నిలిచిపోతుంది. అహమ్మదాబాదు భౌతిక పరిశోధనాలయానికి చెందిన యాదవ, రమేశ్ గార్లు గుప్తేశ్వరం, దండక గుహల ఊడలను పొరపొరగా పరీక్షించి, సుమారు 3400 ఏండ్ల వానల తీరును 2005లో ప్రకటించారు. 2017 జూలైలో నాగావళి పొంగి కల్యాణసింగ్‌పూర్ ప్రాంతాన్ని ముంచిన సంగతి మనమెరుగుదుము. అటువంటి ఒక్కనాటి వరద రాతిలో కనబడదు గాని, తరాల తరబడి వానల హెచ్చుతగ్గులు కనబడతవి.

ఇదే ఆక్సిజను లెక్క అంగారకుని రాతికి కూడా కట్టారు. 1984 డిసెంబరులో అంటార్కిటికాలోని అలన్ కొండల మంచుమీద రెండు కిలోలకు కాస్త తక్కువ బరువుగల రాయి దొరికినది. అంగారకునిపై ఏదో పెద్ద దెబ్బ తగిలి ఎగిరి, కోటిన్నర ఏండ్లకు పైగా ఆకాశంలో తిరిగి, 13 వేల ఏండ్ల క్రిందట భూమిపై పడినదది. దాని పగుళ్ళలో ఆవగింజకంటె చిన్న కార్బొనేటు ముద్దలున్నవి. వయస్సు దాదాపు 390 కోట్ల ఏండ్లు. వీటిలో జీవుల జాడ ఉండవచ్చునని 1996లో నాసా శాస్త్రజ్ఞులు అనగా పెద్ద గలభా అయినది. అసలు ఆ ముద్దలు ఏ వేడిలో ఏర్పడినవి? వందల డిగ్రీలని కొందరు, చల్లని నీటిలోనేనని కొందరు వాదించారు. అంత వేడిలో ఏ జీవీ బ్రతకదు గదా!

2011లో కాలిఫోర్నియాలో హాలెవీ, ఫిషర్, ఐలర్ అనేవారు తగవు తీర్చారు. బరువైన కార్బను, బరువైన ఆక్సిజను జతకట్టడం చలువలో ఎక్కువ, వేడిలో తక్కువ. ఆ జతలను లెక్కించగా తేలినది 18 డిగ్రీలు, నాలుగు అటూ ఇటూ. మన కొండల్లో శాలువా కప్పుకొనే చలి అన్నమాట! జీవుల మాట నేడు ఎక్కువమంది ఒప్పరు. నీటి మాట నిలిచినది.

గుప్తేశ్వరంలో ఊడ ముక్క విరిచి ఇంటికి తెచ్చుకొనేవారున్నారు. విరవకండి, తాకనుకూడా వద్దు. చేతి జిడ్డు అంటినచోట సున్నం సరిగా పేరుకొనదు.